మితవాదుల పొదుపు మాట



ఎన్నికల ఋతువు వచ్చినదన్న మా తిరువూరు ప్రాంతమున, గంపలగూడెం బజారులో నైనను, మా వినగడప నడివీథిలో నైనను, వేదిక యెక్కిన వక్త ఏ పక్షమువాడైనను సరే, మూడు మాటలు తప్పక పలుకును. ప్రభుత్వము దుబారా మానవలెననునది మొదటిది. దేశపు సరిహద్దులను కాపాడుటలో ఖర్చునకు వెనుదీయరాదనునది రెండవది. పేదవాడు మందు లేక మరణింపరాదనునది మూడవది. మూడింటికిని చప్పట్లు సమానముగనే మ్రోగును. వేరువేరుగ చూచిన మూడును మంచి మాటలే. వీనిని ఒక్క కాగితముపై ఒకదాని క్రింద నొకటి వ్రాసి కూడికలు తీసివేతలు చేయబూనినప్పుడు మాత్రము, ఆ వక్త అప్పటికే కారెక్కి పొరుగూరి సభకు వెడలిపోయి యుండును. ఈ మూడు మాటలు తెలుగుదేశమునకు ఎవరి నోట ఏ క్రమమున వచ్చినవో, వచ్చి ఏ విధముగ రూపము మార్చుకొన్నవో విచారించుటయే నేటి నా ప్రసంగము యొక్క ఉద్దేశ్యము.

ప్రభుత్వము తక్కువగ వ్యయింపవలెను, తక్కువగ జోక్యము చేసికొనవలెను, రక్షణ విషయమున మాత్రము దృఢముగ నుండవలెనను వాదమును ఇంగ్లండులోను అమెరికాలోను కన్సర్వేటివులు చెప్పుచుందురు. మన పత్రికలు ఆ వాదులను మితవాదులనియు, కొన్ని సమయములందు ఛాందసులనియు పిలిచినవి. తెలుగునాట ఈ వాదమును జమీందారుల కచేరీసావడి నుండి బయటకు తెచ్చి, పొలముగట్టు మీద నిలబెట్టి, రైతు భాషలో పలికించిన ఘనత ఒక రైతుబిడ్డకే దక్కినది. ఆయన 1900వ సంవత్సరమున గుంటూరు మండలమందలి నిడుబ్రోలున జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, తిరిగివచ్చి రైతు సంఘములు కట్టి, తన యూరిలో రైతాంగ విద్యాలయమును నెలకొల్పి 1933లో దానిని గాంధీమహాత్మునిచే ప్రారంభింపజేసిన ఆచార్య రంగా.

1959 జనవరిలో నాగపురమున సమావేశమైన కాంగ్రెసు మహాసభ, భూములను కలిపి ఉమ్మడి సహకార వ్యవసాయము చేయుటయే భావి విధానమని తీర్మానించినప్పుడు, చిన్న రైతు తన గట్టును తానే చెరిపివేసికొని కూలివాడగునని రంగాగారు భయపడిరి. ఆ భయము సకారణమా, నిష్కారణమా యను చర్చ నాటికిని నేటికిని తెగలేదు; తీర్మానము మాత్రము కాగితము మీదనే మిగిలిపోయినది. ఆ సంవత్సరము జూన్ మాసమున చెన్నపట్టణమున స్వతంత్ర పార్టీ ఆవిర్భవించెను. ఎనుబదేండ్ల వయస్సున రాజాజీ దానికి ప్రాణము పోసిరి, మీనూ మసానీ కార్యదర్శి యయ్యెను, అధ్యక్షపీఠము రంగాగారిదయ్యెను.

ఇచ్చట నొక విచిత్రమును చెప్పక తప్పదు. ఆంధ్రులకు రాజాజీ యందు అప్పటికి ప్రీతి యున్నదని చెప్పుట కష్టము. 1952లో ఆయన మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై యుండగా ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములుగారు ఆత్మార్పణము చేసిరి. ఆ దుఃఖమును ఆంధ్రదేశము రాజాజీ పద్దుననే చాలకాలము వ్రాసికొన్నది. అయినను ఆ సంవత్సరము జూన్‌లోనే ఆయన ఆహారధాన్యములపై కంట్రోళ్లను ఎత్తివేయగా, సంచీ బియ్యము తాలూకా దాటించుటకు సైతము అధికారి చీటీ కొరకు పడిగాపులు పడిన జనులు ఊపిరి పీల్చుకొన్నమాట నిజము. సర్కారు ప్రక్కకు తొలగిన చాలును, సరకు తనంతట తానే వచ్చునని ఆయన వాదించుటకు ఆ అనుభవము పెట్టుబడి యైనది. తరువాతి దశాబ్దమున పర్మిటు-లైసెన్సు-కోటా రాజ్యమని ఆయన పెట్టిన పేరు దేశమంతట వ్యాపించుటకు మూలము ఆ కంట్రోళ్ల రోజులలోనే యున్నదని నా యభిప్రాయము.

వ్యయమును గూర్చి స్వతంత్ర పార్టీవారు చెప్పినదేమి? రెండవ ప్రణాళిక లోటు బడ్జెట్ల మీద నడిచినది. మూడవ ప్రణాళికలో ప్రభుత్వరంగమునకు 7,500 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఇంత ధనము పన్నుల వలన గాని, అప్పుల వలన గాని, నోట్ల ముద్రణ వలన గాని రావలయును గదా, మూడు మార్గములును చివరకు సామాన్యుని వంటయింటిలోనికే దారితీయును గదా యని వారు వాదించిరి. సరిగ ఆ 1959వ సంవత్సరముననే విజయావారి ‘అప్పు చేసి పప్పు కూడు’ చిత్రము విడుదలయై జనులను నవ్వించుట కాకతాళీయమే గాని, రాజాజీ వంటి హాస్యప్రియునకు అంతకన్న మంచి ఎన్నికల గోడపత్రిక దొరకియుండదు.

ఈ వాదమునకు తెలుగునాట మాంసము, రక్తము సమకూర్చినది ఢిల్లీ ప్రణాళిక కాదు, భూమిశిస్తు. 1962లో మన రాష్ట్ర శాసనసభ భూమిశిస్తుపై అదనపు భారము మోపు శాసనమును చేసెను. మెరక, పల్లము, సారము, నిస్సారము అను వివక్ష లేక, ఎకరమునకింత యని కనీసపు రేటు విధించిన ఆ శాసనమును రైతులు న్యాయస్థానమునకు ఈడ్చిరి. 1967లో సుప్రీంకోర్టు, నేలసారముతో పొంతన లేని పన్ను రాజ్యాంగము నందలి సమానత్వసూత్రమునకు విరుద్ధమని ఆ శాసనమును కొట్టివేసినది. నల్లా రాజారెడ్డి వ్యాజ్యమను పేరున న్యాయవాదులు నేటికిని ఉదాహరించు తీర్పు అది. స్వతంత్రుల వాక్కు ఈ విధముగ గాలి మాట కాక, పాసుపుస్తకము మీది అంకెయై నిలిచినది. 1962లో శాసనసభకు 19 మందిని పంపిన ఆ పార్టీ, 1967లో 29 మందిని పంపెను. లోక్‌సభలో 44 స్థానములతో ప్రధాన ప్రతిపక్షముగ కూర్చుండెను.

అయితే శ్రోతలారా, ఆ 1967వ సంవత్సరముననే మరియొక సంఘటన జరిగినది. ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు ఇందిరాగాంధీ నీరు విడిచిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటి నుండి పండ్రెండేండ్లకు చేరువగ, వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ ఆనకట్ట, స్వతంత్రులు నిందించిన ఆ ప్రణాళికల ధనముతోనే లేచినది. శిస్తు పెంపును కోర్టు కొట్టివేసిన సంవత్సరమున, పొదుపు పార్టీ శిఖరమెక్కిన సంవత్సరమున, ప్రభుత్వ వ్యయము నీరై కాలువలోనికి దిగినది.

మా వినగడప వంటి యూరినుండి చూచినప్పుడు గాని ఈ సంయోగములోని కీలకము బోధపడదు. కృష్ణానదిపై విజయవాడ యొద్ద కాటన్ దొర ప్రేరణచే ఆనకట్ట 1855 నాటికే ముగిసినది. దాని దిగువనున్న డెల్టా రైతు తాతముత్తాతల కాలము నుండియు ప్రభుత్వము త్రవ్విన కాలువనీరు త్రాగుచు, వరి పండించుచు, ఆ వరి లాభముతో మిల్లులు పెట్టుచు, బిడ్డలను వైద్యులను చేయుచు వచ్చెను. ప్రభుత్వము ఖర్చు తగ్గింపవలెనను మాట ఆతని చెవికి కమ్మగ నుండుటలో వింతలేదు. ఆతనికి రావలసిన ఖర్చు శతాబ్దము క్రిందటనే వచ్చి చేరినది. మాది మెరక. కట్లేరు వానకాలమున పొంగి దారులు మూసివేయును, వేసవిలో ఇసుక చూపును. మామిడి, మిరప, ప్రత్తి మా పైరులు; సాగరము ఎడమకాలువ మూడవ జోను చివరి భూములమై, నీరు వచ్చినయేడు వచ్చినదనియు రానియేడు రాలేదనియు లెక్క పెట్టుకొనువారము. కాలువ మొదట నున్నవాని పొదుపు మాటయు, కాలువ చివర నున్నవాని పొదుపు మాటయు ఒకటి కావు. రంగాగారు నీటిపారుదలకు విరోధి యని నేననుట లేదు. రైతు నాయకుడు ఎట్లగును? ఆయన కోపము సహకార క్షేత్రముల మీదను, శిస్తు మీదను, అధికారి పెత్తనము మీదను. కాని వ్యయమును నిందించు వాక్కు ఒకసారి నోరు విడిచిన తరువాత, ఇది మంచి వ్యయము, ఇది చెడు వ్యయము అని విడదీసి వినిపించుట మహావక్తలకు సైతము సాధ్యము కాలేదు.

ఇక దేశరక్షణ. ఈ మాట మా ప్రాంతమునకు దూరపు హిమాలయముల నుండి వచ్చినది కాదు. 1948 వరకు మాకు సమీపముననే, మధిర వైపున, నైజాము రాజ్యపు పొలిమేర. రజాకారుల దౌర్జన్యములు ముదిరిన దినములలో గుడ్డమూటలతో, పసిబిడ్డలతో ఆ పొలిమేర దాటి కృష్ణామండలపు పల్లెలకు వచ్చిన కుటుంబములెన్నో కలవు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము కదలినప్పుడు, షోలాపూరు వైపునుండి వచ్చిన ప్రధాన దళమునకు తోడు బెజవాడ వైపునుండియు దళములు నడచినవి. అయిదు దినములలో వ్యవహారము ముగిసినది. ప్రభుత్వము బలముగ నుండవలెనను మాటకు అంతకన్న ప్రత్యక్షమైన సాక్ష్యమును మా పెద్దలు కోరియుండరు. కాని ఆ పెద్దలే మలబారు పోలీసులను గూర్చి వేరు కంఠస్వరముతో చెప్పుదురు. కమ్యూనిస్టులను అణచుటకై మద్రాసు ప్రభుత్వము కృష్ణామండలమునకు పంపిన ఆ దళములు కాటూరు, యలమర్రు గ్రామములలో 1949లో చేసిన అవమానములు తెలుగువారి స్మృతినుండి తొలగలేదు. భద్రత కొరకు పెంచిన బలము కంచెయే చేను మేసిన చందమున తిరుగబడవచ్చుననుటకు మాకు గ్రంథము విప్పి చూపనవసరము లేదు.

భద్రతను ఎన్నికల ప్రచారముగ మలచుటలో మాత్రము 1955 ఆంధ్రరాష్ట్ర మధ్యంతర ఎన్నికలకు సాటివచ్చునది మరియొకటి లేదనవచ్చును. రాజాజీ మద్రాసులో ముఖ్యమంత్రి యైనప్పుడే కమ్యూనిస్టులు తన ప్రథమ శత్రువులని ప్రకటించి యుండెను. మూడేండ్ల తరువాత కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒకే కూటమిగ నిలిచి, కమ్యూనిస్టులు గెలిచిన భూమి పోవును, గుడి పోవును, కుటుంబము పోవునని ఊరూర చాటించినవి. నార్ల వేంకటేశ్వరరావుగారి సంపాదకత్వమున ఆంధ్రప్రభ నిప్పులు కురిపించినది. నెహ్రూ విదేశాంగ విధానమును మెచ్చుకొనుచు మాస్కో పత్రిక ప్రావ్దా వ్రాసిన సంపాదకీయమును కాంగ్రెసువారు గోడల కంటించి, మీ గురువులే మమ్ము పొగడుచున్నారుగదా యని ఎదుటివారిని ఉడికించిరి. అధికారము తమదేయని తలచిన కమ్యూనిస్టులకు నూటికి ముప్పది పైచిలుకు వోట్లు వచ్చినను, 196 స్థానములలో దక్కినవి 15. భయమునకు గల ప్రచారశక్తిని తెలుగు రాజకీయము ఆనాడు రుచి చూచినది. ఆ భయములో కొంత న్యాయమైనది. మరి కొంత కల్పితము. రెంటిని వేరు చేయు ఓపిక ఎన్నికల సభలో ఎవరికుండును?

1962 అక్టోబరులో చైనా దండెత్తినప్పుడు స్వతంత్రుల వాక్కునకు అసలు పరీక్ష వచ్చెను. రక్షణ సన్నాహమును ప్రభుత్వము ఉపేక్షించినదనియు, అలీనవిధానమును వీడి పాశ్చాత్యుల సాయము బాహాటముగ తీసికొనవలెననియు వారు ఘోషించిరి. రక్షణమంత్రి కృష్ణమేనన్ పదవి వీడెను. 1963-64 బడ్జెటులో రక్షణకు 867 కోట్ల రూపాయలు చూపిరి. అంతకు ముందు సంవత్సరపు తొలి అంచనాకు అది రెండింతలను మించినది. కోరినది లభించినది గదా! కాని తుపాకి వచ్చినప్పుడు దానితోపాటు బిల్లు కూడ వచ్చును. 1963 జనవరిలోనే ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి బంగారపు నియంత్రణమును విధించి, 14 కారట్లకు మించిన నగలు చేయరాదనగా, పుస్తెలు చేయు కంసాలి కుటుంబములు వీథిన పడినవి. ఆ సంవత్సరమే నిర్బంధ డిపాజిట్ల పథకము వచ్చి, భూమిశిస్తు కట్టు రైతును సైతము తాకెను. కొన్ని మాసములలోనే దానిని చాలమందికి ఎత్తివేయవలసి వచ్చినది. స్వతంత్రులు ఈ రెండు భారములను తీవ్రముగ నిరసించిరి. ఆయుధము కావలెను, ఆయుధపు ధర మాత్రము మరియొకడు చెల్లింపవలెను అని వారన్నట్లు విమర్శకులు ఎత్తిపొడిచిరి. వారి సమాధానము వేరు: ప్రణాళికలలోని ఆడంబరములను తగ్గించి ఆ ధనముతో సైన్యమును పోషింపుడని వారు స్పష్టముగ చెప్పిరి. మీరు నేను ఒప్పుకొనకపోవచ్చును. కాని తగ్గింపవలసినదేదో పేరుపెట్టి చెప్పిన సమాధానమది. పేరుపెట్టి చెప్పుటలోనే రాజకీయ నిజాయతీ యున్నదని నేను తలచెదను.

రాజాజీ విషయమున మరియొక విశేషము చెప్పవలెను. సైన్యమును బలపరుపుడన్న ఆ వృద్ధుడే, అణ్వాయుధ పరీక్షలు మానుమని వేడుటకై 1962లో వాషింగ్టన్ వెళ్లి కెన్నడీని దర్శించెను. యుద్ధము ముగిసిన తరువాతయు అత్యవసర పరిస్థితిని పొడిగించుటను నిరసించెను. భద్రత యను మాటను ఆయన ప్రభుత్వము చేతికి ఖాళీ చెక్కుగ ఇవ్వలేదు. తరువాతి కాలపు మితవాదులు ఆయననుండి పొదుపును తీసికొనిరి, దేశభక్తిని తీసికొనిరి, ఈ అనుమానబుద్ధిని మాత్రము తీసికొనలేదు. రక్షణవ్యయమును ప్రశ్నించువాడు దేశద్రోహి యను భావన వేళ్లూనిన చోట, ప్రభుత్వ దుబారా మాట సగము చచ్చినట్లే.

ఇంతమంది ఇన్ని మాటలు పలికినను, ఆ కాలమున ఆకాశవాణి ద్వారా ఒక్క పార్టీవారును ఎన్నికల ప్రసంగము చేయలేదు. మన విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1 నుండియు పనిచేయుచున్నను, రాజకీయ పక్షములకు రేడియో లభించినది 1977 లోక్‌సభ ఎన్నికలలో. స్వతంత్ర పార్టీ అప్పటికి మూడేండ్ల క్రిందటనే మరియొక పార్టీలో కలిసిపోయినది. అమెరికాలో కథ వేరుగ నడచినది. 1961లో అక్కడి వైద్యుల సంఘము, వృద్ధులకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యమిచ్చు చట్టమును అడ్డుకొనుటకై, అప్పటికి నటుడుగ నున్న రొనాల్డ్ రీగన్ చేత ఒక ప్రసంగమును గ్రామఫోను రికార్డుగ చేయించెను. వైద్యుల భార్యలు ఇరుగుపొరుగు స్త్రీలను కాఫీకి పిలిచి, ఆ రికార్డు వినిపించి, అక్కడికక్కడే ప్రతినిధులకు ఉత్తరములు వ్రాయించెడివారు. ప్రభుత్వము వైద్యములో అడుగుపెట్టిన, తరువాత వృత్తిలోను, తుదకు జీవితము నందంతటను అడుగుపెట్టునని ఆ ప్రసంగసారము. చట్టము ఆగలేదు; 1965లో మెడికేర్ వచ్చినది. ఆ రీగనే 1981లో అధ్యక్షుడై, పన్నులు తగ్గించి, రక్షణవ్యయమును విశేషముగ పెంచి, మెడికేరును మాత్రము ఎత్తివేయక, ఎనిమిదేండ్ల తరువాత దేశపు ఋణమును దాదాపు మూడింతలు చేసి వెడలెను. ఇంగ్లండులో మార్గరెట్ థాచరు అంతటి దృఢచిత్తురాలు సైతము 1982లో, జాతీయ ఆరోగ్యసేవ తమ చేతిలో భద్రముగ నున్నదని సభాముఖమున హామీ ఇవ్వవలసి వచ్చెను. ఆ మెడికేరు ధనమే అమెరికా ఆసుపత్రులలో వైద్యుల శిక్షణకును పెద్ద ఆధారము. గుంటూరు నుండి, విశాఖపట్టణము నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన మన తెలుగు వైద్యులలో ఎందరు ఆ సంగతి తలచుకొనుచు పొదుపు పార్టీలకు వోటు వేయుదురో నాకు కుతూహలము.

వైద్యమును గూర్చి మన స్వతంత్రులు చెప్పినది స్వల్పము. శిస్తునకు, సహకార వ్యవసాయమునకు వారి ఉపన్యాసములలో దొరకిన చోటులో పదవవంతైనను ఆసుపత్రికి దొరకలేదు. దేశపు ఆరోగ్యవ్యవస్థను పరిశీలించిన భోరు సంఘము 1946లోనే, ధనమిచ్చుకొనలేడన్న కారణమున ఎవడును వైద్యమునకు దూరము కారాదని వ్రాసి, పల్లెలకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను సూచించెను. నేను చూచినంతలో స్వతంత్రులు దానిని ఖండించుటయు లేదు, బలపరచుటయు లేదు. కారణమూహింపవచ్చును. రాజ్యాంగము రక్షణను కేంద్రమునకును, ప్రజారోగ్యమును రాష్ట్రమునకును అప్పగించినది. రెండు పద్దులు రెండు పుస్తకములలో నుండుటచే, ఒకదానిని పెంచుమన్నవాడు రెండవదాని సంగతి చెప్పకయే తప్పించుకొనవచ్చును. ఆ మౌనము వలన కలిగిన లోటు ఎంతటిదో మా మండలములలో తరువాత తెలిసినది.

1996లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము శ్వేతపత్రము ప్రకటించి, ఖజానా వట్టిపోయినదని చెప్పి, రెండు రూపాయల కిలో బియ్యమును మూడున్నర చేసి, విద్యుత్తు ధరలు పెంచినప్పుడు, స్వతంత్రుల పొదుపు వాక్కు మరియొక వేషమున తిరిగి వచ్చెను. ఈసారి దానిని పలికినది రాజాజీ వంటి సన్న్యాసి కాదు, ప్రపంచబ్యాంకు సలహాలు విన్న పరిపాలకుడు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో విద్యుత్తు ఉద్యమముపై కాల్పులు జరిగినవి. 2004లో ఆ ప్రభుత్వము ఓడిపోయినది. క్రొత్త ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి మొదటి సంతకము ఉచిత విద్యుత్తు మీద పడినది. ఆ దినము నుండి తెలుగునాట ఏ పార్టీయు దుబారా మాట వల్లించుటయే గాని, ఏ పద్దును తగ్గింతునో ఎన్నికలకు ముందు పేరుపెట్టి చెప్పలేదు. గెలిచిన తరువాత శ్వేతపత్రములో మాత్రము వ్రాయుచున్నది.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఈ కథలో నాకు మిక్కిలి ఆసక్తికరమైన అధ్యాయము. పేదవానికి గుండె శస్త్రచికిత్స చేయించుట కన్న సామ్యవాద కార్యము వేరొకటి యుండునా? కాని దాని యెముకల గూడు చూడుడు: ధనము ప్రభుత్వమునిది, ఆసుపత్రి అధికభాగము ప్రైవేటువానిది, నడుమ మొదట నొక బీమా కంపెనీ. ప్రభుత్వము తాను ఆసుపత్రి నడుపకుండ, రోగి చేతికి కార్డునిచ్చి, ఎచ్చటికి పోవలెనో ఆతనినే ఎంచుకొనుమన్నది. మసానీ బ్రతికియుండి దీనిని చూచిన పక్షమున, వ్యయమునకు నొసలు చిట్లించి, పద్ధతికి తల యూచి యుండెడివాడు. 2018లో కేంద్రము కుటుంబమునకు అయిదు లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ తెచ్చినప్పుడు నడచినది ఆ బాటయే. ఈ పథకముల వలన బ్రతికినవారు మా యూరిలోను కలరు; వారి యెదుట నిలిచి దీనిని దుబారా యనగల ధైర్యము నాకు లేదు, ఉండవలెనని కోరను కూడ. అయితే కార్డు వ్యాధి ముదిరిన తరువాత పనిచేయును. బకాయిలు పేరుకొన్నవని ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన దినములలో అసలే పనిచేయదు.

మా నియోజకవర్గములోనిదే ఎ.కొండూరు మండలము. అక్కడి తండాలలో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి మనుష్యులను తీసికొనిపోవుచున్నది. నడివయస్సు రాకమునుపే కూలికి పోలేని స్థితి. డయాలిసిస్ కొరకు వారమునకు పలుమార్లు ప్రయాణము. మనిషి ఒకడు జబ్బుపడిన తోడు పోవుటకు మరియొకని కూలియు పోవును. త్రాగునీరు మీద అనుమానము కలిగి, గొట్టముల ద్వారా కృష్ణానీటిని అక్కడికి చేర్చుటకు ప్రభుత్వములు పూనుకొన్నవి. ఇటువంటి గాథయే శ్రీకాకుళపు ఉద్దానమునది. ఆ ఉద్దానములోని సోంపేట ప్రాంతమే గౌతు లచ్చన్నగారిది. కృషికార్ లోక్ పార్టీలోను, స్వతంత్ర పార్టీలోను రంగాగారికి కుడిభుజమై, కల్లుగీత కార్మికుల పక్షమున పోరాడిన యోధుడాయన. 1967 సాధారణ ఎన్నికలలో రంగాగారు చిత్తూరున ఓడగా, లచ్చన్నగారు తాము గెలిచిన శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును వదలి గురువును గెలిపించుకొనిరి. ప్రభుత్వము తక్కువైన మేలని నమ్మిన నాయకులను లోక్‌సభకు పంపిన ఆ తీరమునకు, నేడు సురక్షిత జలము గొట్టములలో తెచ్చుటకును, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి తెరచుటకును ప్రభుత్వమే రావలసి వచ్చినది. కొబ్బరితోట యజమాని గాని, తండా గిరిజనుడు గాని తన సొంత పొదుపుతో యాబది మైళ్ల గొట్టము వేసికొనలేడు. వ్యాపారి వేయడు, ఏలయన అందు లాభము లేదు. పొదుపు వాక్కు ఎంత ప్రౌఢమైనను ఈ గొట్టము యొద్దకు వచ్చి ఆగవలసినదే.

రంగాగారు సైతము చివరకు కాంగ్రెసులోనికి తిరిగి వచ్చి, 1980 నుండి గుంటూరు ప్రతినిధిగ మూడు పర్యాయములు లోక్‌సభలో కూర్చుండిరి. దానిని అవకాశవాదమని తీసివేయుట సులభము. వారు నాడు విసిరిన ప్రశ్న మాత్రము అసత్యము కాలేదు: ప్రభుత్వము చేయు ప్రతి ఖర్చును ఎవడో ఒకడు చెల్లించును, వాడెవ్వడో ముందుగ చెప్పుము. ఆ ప్రశ్నను వారు ప్రణాళికలకు వేసిరి, శిస్తునకు వేసిరి. మనము దానిని ఆసుపత్రికిని, కాలువకును, సైన్యమునకును సమానముగ వేయవలసి యున్నది. స్థూల దేశీయోత్పత్తిలో నూటికి రెండున్నర వంతులు ప్రజారోగ్యమునకు 2025 నాటికి వ్యయింతుమని 2017 జాతీయ ఆరోగ్యవిధానము వ్రాసికొన్నది. ఆ గడువు దాటినది, ఆ మొత్తము చేరలేదు. మన రాష్ట్రమున క్రొత్త వైద్యకళాశాలలలో కొన్నిటిని ప్రైవేటు భాగస్వామ్యమునకు ఇచ్చుట తగునా యని ఇప్పుడు వివాదము నడచుచున్నది. ఒక పక్షము ఖజానాలో ధనము లేదనుచున్నది. రెండవ పక్షము అమ్మివేయుచున్నారనుచున్నది. పడక యొక్కింటికి ఏటా ఎంత పడును, అందు రోగి చెల్లించునదెంత, మన పన్ను చెల్లించునదెంత, ఒప్పందము ముగిసిన నాడు భూమియు భవనమును ఎవరివి యను ప్రశ్నలకు రెండు పక్షములును కాగితము మీద సమాధానమిచ్చిన దినమున నేను ఒక పక్షము వహింతును.

రాబోవు ఎన్నికలలో తిరువూరు నుండి గాని, మీ మీ ఊళ్లనుండి గాని వోట్లడుగ వచ్చువారు దుబారా తగ్గింతుమన్నప్పుడు, ఏ పద్దులో ఎన్ని కోట్లు తగ్గింతురో సభలోనే అడుగుడు. రక్షణకు లోటు రానీయమన్నప్పుడు ఆ ధనమెచ్చటిదో అడుగుడు. ఉచిత వైద్యమన్నప్పుడు మండలపు ఆరోగ్యకేంద్రములో రాత్రివేళ వైద్యుడుండునా యని అడుగుడు. ఆ సమాధానములను వ్రాసి యుంచి, అయిదేండ్లకు మరల వారు వచ్చినప్పుడు వారికే చదివి వినిపింపుడు.